మూడు రెట్లకి 1,710 డాలర్లు తక్కువ: ఒక అద్దె అప్లికేషన్ కేసు

డాలస్‌కి ఉత్తరాన ఉన్న సబర్బ్‌లలో ఇళ్ళు అద్దెకిప్పించి, వాటి బాగోగులు చూసుకోవడం నా పని. మా ఓనర్లలో సగానికి పైగా తెలుగువాళ్ళే. ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్ళినా ఇల్లు అమ్మబుద్ధి కాక ఉంచుకున్నవాళ్ళు. ఈ కేసు 2024 వేసవిది. పేర్లు, ఊరు తీసేశాను. ఎవరూ గుర్తుపట్టకుండా అంకెలు కొద్దిగా మార్చాను కానీ లెక్క నడిచిన తీరు అసలుదే.

నేపథ్యం

నాలుగు బెడ్‌రూముల ఇల్లు, నెలకి 2,400 డాలర్ల అద్దె. ఖాళీ అయ్యి 19 రోజులైంది. ఇంటి లోన్, ప్రాపర్టీ టాక్స్, అసోసియేషన్ ఫీజు ఓనర్ జేబులోంచే పోతున్నాయి. రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో "ఏమైనా కదిలిందా అక్కా?" అని మెసేజ్.

మేం ఇంటిని లిస్ట్ చేసేటప్పుడే టెనెంట్‌ని దేన్నిబట్టి ఎంచుకుంటామో రాసి ఇస్తాం. టెక్సాస్ చట్టం ప్రకారం ఇది ఇవ్వాల్సిందే. ఇవ్వకుండా అప్లికేషన్ తిరస్కరిస్తే ఫీజు వెనక్కిచ్చేయాలి. మా కాగితంలో ఆదాయం గురించి ఒకే లైను ఉండేది: పన్నులకు ముందు నెల ఆదాయం అద్దెకి మూడు రెట్లు. క్రెడిట్ స్కోరు 620, 680 మధ్య ఉంటే డిపాజిట్ నెలన్నర అద్దె. అర్హత ఉన్నవాళ్ళలో ఎవరి అప్లికేషన్ ముందు పూర్తయితే వాళ్ళకే ఇల్లు.

మూడు రెట్లంటే అద్దె ఆదాయంలో మూడో వంతు. ప్రభుత్వ ఇళ్ళలో అద్దె ఆదాయంలో 25 శాతం దాటకూడదని 1969లో బ్రూక్ సవరణ పెట్టారు, 1981లో దాన్ని 30 శాతం చేశారు. మా మూడు రెట్లు ఆ లెక్కకి దగ్గర చుట్టమే. తేడా ఒకటుంది. అక్కడది పేదవాడి మీద ఎక్కువ భారం పడకుండా గీసిన గీత, మా చేతిలో అది మనిషిని గుమ్మం దగ్గరే ఆపేసే గీత అయింది. ఇది నాకు తర్వాత తట్టిన విషయం. ఆ రోజుకి మూడంటే మూడే.

వచ్చిన సమస్య

మొదట పూర్తయిన అప్లికేషన్ ఒక భార్యాభర్తలది. ఆయన సొంతంగా ఏసీ రిపేర్లు, ఇన్‌స్టలేషన్లు చేసుకుంటాడు. ఆవిడ డేకేర్‌లో ఉద్యోగి. వాళ్ళది ఏ దేశమో, ఏ భాషో ఇక్కడ రాయను, కేసుకి దానితో పని లేదు. ఓనర్‌కి మాత్రం దానితోనే పని పడింది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఆవిడకి రెండు వారాలకోసారి 1,180 డాలర్లు, అంటే నెలకి 2,557. ఆయన 2023 టాక్స్ రిటర్న్‌లో షెడ్యూల్ సి (సొంత వ్యాపారం రాబడి, ఖర్చులు చూపించే ఫారం) కింద మిగులు 35,195, నెలకి 2,933. రెండూ కలిపితే 5,490. కావాల్సింది 7,200. రెట్లలో 2.29. స్క్రీనింగ్ సాఫ్ట్‌వేర్ ఎర్ర అక్షరాల్లో "డిక్లైన్" అని చూపించింది. ఆయన క్రెడిట్ స్కోరు 641, ఆవిడది 690.

రెండో అప్లికేషన్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిది, తెలుగు ఆయనే. ఆదాయం 7,440, అంటే 3.1 రెట్లు. వాళ్ళకంటే ఒక రోజు వెనక వచ్చింది.

ఓనర్‌కి రెండు అప్లికేషన్లున్నాయని మాత్రమే చెప్పాను. "ఎవరక్కా వాళ్ళు? మనవాళ్ళయితే ఇచ్చేద్దాం, ఇల్లు శుభ్రంగా ఉంచుతారు" అన్నాడు. అతన్ని నేను తప్పు పట్టను. హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు పే స్లిప్ అడిగే ఓనర్లు తక్కువ. ఊరెక్కడ, ఏం చేస్తారు, వెజ్జా నాన్‌వెజ్జా, ఎంతమంది ఉంటారు, ఇదీ అక్కడి స్క్రీనింగ్. ఆ అలవాటే విమానమెక్కి ఇక్కడికొచ్చింది. ఇక్కడ 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం మనిషి పుట్టిన దేశాన్ని బట్టి ఇల్లివ్వడం, ఇవ్వకపోవడం నేరుగా వివక్ష. పిల్లలున్న కుటుంబాలకి 1988లో అదే రక్షణ ఇచ్చారు. "నా ఇల్లు, నా ఇష్టం కాదా?" అన్నాడు. సొంత ఇల్లు సొంతంగా అద్దెకిచ్చుకునేవాళ్ళకి ఆ చట్టంలో కొంత మినహాయింపు ఉంది కానీ, మధ్యలో ఏజెంట్ వచ్చాక అది వర్తించదు. ఆ మాటే చెప్పాను: "మీకు నేను కావాలంటే ఆ ప్రశ్న వదిలేయాలండీ." కాసేపు మౌనం. "సరే, కానీ మూడు రెట్లు లేవు కదా, అదైనా చెప్పొచ్చు కదా?" అన్నాడు.

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. మూడు రెట్లు లేవని మొదటి అప్లికేషన్ పక్కన పెడితే ఎవరూ తప్పు పట్టలేరు, అది రాతపూర్వకంగా ఉన్న నియమమే. అయితే ఓనర్ నోట "మనవాళ్ళు" అన్న మాట వచ్చాక, ఆ నియమాన్ని నేనిప్పుడు ఎందుకు వాడుతున్నానో నాకే అనుమానమొచ్చింది. డిక్లైన్ బటన్ నొక్కకుండా ఫైల్ మళ్ళీ తెరిచాను.

ముందు ప్రయత్నించినవి

మొదట గ్యారంటర్‌ని అడిగాం. చాలామంది చేసే పని అదే కాబట్టి నేనూ పెద్దగా ఆలోచించలేదు. ఆయన అన్నగారు ముందుకొచ్చారు. ఆదాయం బాగానే ఉంది, నెలకి 9,400. కానీ ఆయనకి సొంత ఇంటి లోన్ 2,850, దానికి తోడు రెండు కార్ల వాయిదాలు. తమ్ముడు ఒక నెల కట్టలేకపోతే ఆయన తన ఇంటి వాయిదా ఆపి మన అద్దె కడతాడా? ఫోన్ చేసి మాట్లాడాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఇది రిఫరెన్స్ లెటరే కదా?" కాదు, తమ్ముడు కట్టకపోతే మీరు కట్టాలి అని చెప్పాను. సాయంత్రం ఆలోచించి చెప్తానన్నారు. మళ్ళీ ఫోన్ రాలేదు, నేనూ చేయలేదు. సంతకం దేనికో తెలియని గ్యారంటర్ కాగితం మీద బలం, కోర్టులో తలనొప్పి.

ఇక్కడే నేనొక తప్పు చేశాను. గ్యారంటర్‌ని అడిగిన అదే ఈమెయిల్‌లో, స్కోరు 641 కాబట్టి డిపాజిట్ నెలన్నర అని రాశాను. క్రెడిట్ రిపోర్ట్ చూసి ఎక్కువ డిపాజిట్ అడగడం కూడా ఫెడరల్ చట్టం దృష్టిలో ప్రతికూల నిర్ణయమే. అప్లికేషన్ తిరస్కరిస్తేనే నోటీసు పంపాలని చాలామంది మేనేజర్లు అనుకుంటారు, ఆ రోజు నేనూ అలాగే ప్రవర్తించాను. స్కోరు ఎంత, రిపోర్ట్ ఏ సంస్థది, నిర్ణయం ఆ సంస్థది కాదు, 60 రోజుల్లోపు ఉచితంగా కాపీ తెప్పించుకోవచ్చు, తప్పులుంటే సవాలు చేయొచ్చు అని విడిగా నోటీసు ఇవ్వాలి. మా లాయర్ చెప్పాక రెండు రోజులు ఆలస్యంగా పంపాను.

రెండోది, ఆయనే ఇవ్వజూపింది: ఆరు నెలల అద్దె ముందే కట్టేస్తానన్నాడు. ఓనర్ ఎగిరి గంతేశాడు. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. దానికి ఏడాది ముందు ఇంకో ఇంట్లో సరిగ్గా ఇలాగే ఆరు నెలలు ముందే తీసుకున్నాం. ఏడో నెల ఒకటో తారీఖు ఫోన్ ఎత్తలేదు. ఖాళీ చేయమని మూడు రోజుల నోటీసు, ఇలాంటి కేసులు చూసే జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టు, అన్నీ అయ్యి ఇల్లు చేతికొచ్చేసరికి దాదాపు రెండు నెలలు. ముందస్తు అద్దె మనిషి దగ్గర ఈ రోజు డబ్బుందని చెప్తుంది. ఏడో నెల సంగతి చెప్పదు. పైగా ఈయన సేవింగ్స్ ఎంతో ఇంకా నేను చూడలేదు. ఉన్నదంతా మన చేతిలో పెట్టి ఖాళీ జేబుతో ఇంట్లో దిగితే, ట్రక్ చెడిపోయిన రోజు ఆయనకి దిక్కేంటి? వద్దన్నాను.

ఫైల్ చదివిన తీరు

గ్యారంటర్ లేడు, ముందస్తు అద్దె లేదు. ఇక మిగిలింది ఆదాయాన్నే సరిగ్గా చదవడం. అది మొదటే చేయాల్సిన పని.

ముందు ఆవిడ పే స్టబ్, అంటే జీతం చీటీ. ఈ రోజుల్లో దొంగ పే స్టబ్ తయారు చేయడానికి పది నిమిషాలు చాలు, అందుకే నేను ప్రతిదానికీ ఒక చిన్న లెక్క వేస్తాను. జీతంలోంచి కోసే పన్నుల్లో 1,180కి సోషల్ సెక్యూరిటీ (పెన్షన్ కోసం) 6.2 శాతం, అంటే 73.16. మెడికేర్ (పెద్దవయసులో వైద్యం కోసం) 1.45 శాతం, 17.11. స్టబ్‌లో సరిగ్గా అవే ఉన్నాయి. అది ఆ ఏడాది 13వ చెక్కు, ఇయర్ టు డేట్ (ఆ ఏడాది అప్పటిదాకా మొత్తం) 15,340. పదమూడు 1,180లు అంతే. ఒక్క జాగ్రత్త: హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం పన్నుకి ముందే కోస్తే ఈ శాతాలు కొంచెం తక్కువగా కనిపిస్తాయి, అంతమాత్రాన అది దొంగది కాదు. దొంగ స్టబ్‌లలో నాకు ఎక్కువగా దొరికేది ఇయర్ టు డేట్ దగ్గరే, పైన అంకె మార్చి కింద కూడిక మర్చిపోతారు.

తర్వాత ఆయన షెడ్యూల్ సి. పీడీఎఫ్‌ని ఎవరైనా దిద్దొచ్చు కాబట్టి ఐఆర్ఎస్ (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) వెబ్‌సైట్‌లో ఆయన అకౌంట్ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్, అంటే వాళ్ళ దగ్గరున్న రిటర్న్ వివరాలు, తెప్పించాను. అది ఉచితం. వసూళ్ళు, మిగులు రెండూ సరిపోయాయి. మొత్తం వసూళ్ళు 96,400. సామాన్లకి 24,900, ఇన్సూరెన్స్, ఫోన్, చిల్లర ఖర్చులు 6,800. ట్రక్ కింద 20,305, తరుగుదల కింద 9,200.

ఈ చివరి రెండు అంకెల దగ్గర ఒక అరగంట కూర్చున్నాను. 20,305 అంటే పని మీద తిరిగిన 31,000 మైళ్ళని, మైలుకి ఖర్చు కింద ఐఆర్ఎస్ ఒప్పుకునే 2023 రేటు 65.5 సెంట్లతో గుణిస్తే వచ్చేది. ఆ 65.5లో 28 సెంట్లు తరుగుదలకని ఐఆర్ఎస్ లెక్క. అంటే 8,680 డాలర్లు పన్ను కోసం తీసేసినవే, ఆ ఏడాది జేబులోంచి వెళ్ళినవి కావు. ట్రక్ మీద లోన్ కూడా లేదు. 9,200 మాత్రం అంత తేలిక కాదు. అది ఒక ట్రైలర్, వాక్యూమ్ పంప్, ఇంకొన్ని పరికరాలు. డబ్బు నిజంగానే ఖర్చయింది. కానీ అంతకు ముందు ఏడాది రిటర్న్‌లో ఆ లైను ఖాళీ. ట్రైలర్ ఏటా కొనేది కాదు కాబట్టి దాన్నీ తిరిగి కలిపాను. ఇక్కడ ఇంకొకరు కలపకపోవచ్చు, వాళ్ళతో నేను వాదించను.

కలిపితే ఏడాదికి 17,880, నెలకి 1,490. ఇద్దరి ఆదాయం 6,980 అయింది. 2.91 రెట్లు. ఇంత చేసినా మూడుకి 220 డాలర్లు తక్కువే!

అప్పుడు రెట్లు వదిలేసి చేతిలో మిగిలేదెంతో చూశాను. సైనికులకిచ్చే వీఏ ఇంటి లోన్లలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఇది: అన్నీ కట్టాక నెలకి ఇంత మిగలాలని పట్టిక ఉంటుంది. దక్షిణ రాష్ట్రాల్లో, 80,000 దాటిన లోన్‌కి, నలుగురున్న కుటుంబమైతే 1,003 డాలర్లు. ఆ పట్టికని యథాతథంగా వాడుకోలేదు. అందులో మనుషుల సంఖ్య పెరిగేకొద్దీ గీత పెరుగుతుంది. అద్దె ఇంటి విషయంలో అలా చేస్తే ఇద్దరు పిల్లలున్నవాళ్ళకి ఒక గీత, లేనివాళ్ళకి ఒక గీత అవుతుంది. పిల్లలున్న కుటుంబాలకి చట్టమిచ్చిన రక్షణ దగ్గర అది మనల్ని ఇరికిస్తుంది. అందుకని అందరికీ ఒకే గీత పెట్టాం: పన్నులు, అప్పులు, అద్దె, కరెంటు నీళ్ళకి 350 పోగా 1,500 మిగలాలి.

వీళ్ళకి పన్నులు నెలకి 610 దాకా. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ క్రెడిట్లు పోగా దాదాపు సున్నా, మిగిలింది సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ వాటానే. ఆవిడ కారు లోన్, కార్డు కలిపి 475. అన్నీ పోగా మిగిలేది 3,145. కుతూహలం కొద్దీ 3.1 రెట్ల అబ్బాయికీ అదే లెక్క వేశాను. రెండు కార్లు, ఒక పర్సనల్ లోన్ కలిపి 2,080. మిగులు 1,480 దగ్గర తేలింది. మూడు రెట్ల గీత దాటిన మనిషి 1,500 గీత కింద ఉన్నాడు.

ఫిబ్రవరి

ఇక్కడితో ఆపేసి ఉంటే అసలు రిస్క్ నాకు కనపడేదే కాదు. పన్నెండు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు తెప్పించి, వసూళ్ళు నెలలవారీగా కాగితం మీద రాసుకున్నాను. డాలస్ ఎండలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నెలకి 12,000 పైమాటే. జనవరిలో 4,100, ఫిబ్రవరిలో 3,700. ఆ రెండు నెలల్లో ఖర్చులు పోగా ఆయన ఇంటికి తెచ్చింది రెండేసి వేలు. అప్పుడు మిగులు లెక్క 1,136కి పడిపోతుంది. ఏడాది సగటు ఎంత బాగున్నా అద్దె కట్టాల్సింది ఫిబ్రవరి ఒకటిన.

మరి అంతకు ముందు ఫిబ్రవరి ఎలా గడిచింది? పాత ఇంటి అద్దె 2,150. జనవరిలో మూడో తారీఖున, ఫిబ్రవరిలో నాలుగున డెబిట్ అయింది, మిగతా నెలల్లో ఒకటీ రెండూ. డిసెంబర్ ఆఖరుకి సేవింగ్స్‌లో 8,300, ఫిబ్రవరి ఆఖరుకి 6,100. వేసవిలో దాచి చలికాలంలో తినే ఇల్లు అది. పాత ఓనర్ మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం కంటే ఈ డెబిట్ తారీఖుల్నే నేను నమ్మాను. టెనెంట్‌ని వదిలించుకోవాలనుకునే ఓనర్ కూడా బంగారం లాంటి మనిషి అనే రాస్తాడు. ఇల్లు అమ్ముడైంది కాబట్టి ఖాళీ చేస్తున్నామన్నారు. ఇళ్ళ విలువ, ఓనర్ల పేర్లు నమోదు చేసే కౌంటీ అప్రైజల్ వెబ్‌సైట్‌లో చూస్తే ఆ ఇంటి ఓనర్ పేరు నిజంగానే మారింది.

కుదిరిన పద్ధతి

సమస్య ఫిబ్రవరి అయితే మందు కూడా ఫిబ్రవరికే వేయాలి. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో అద్దెతోపాటు 1,200 చొప్పున అదనంగా కట్టాలి, ఆ 2,400 ఫిబ్రవరి అద్దెకి జమ అవుతుంది. డిపాజిట్ స్కోరు ప్రకారం నెలన్నర, 3,600. ఆరు నెలల ముందస్తు కంటే ఇది చిన్నది, కానీ చలికాలపు నెలల్లో ఒకదాని బరువు తీసేస్తుంది. ఈ మాటల్ని లీజులో నేను రాయలేదు. లైసెన్స్ ఉన్న ఏజెంట్లం ఫారాల్లో ఖాళీలు నింపగలం కానీ చట్టపరమైన షరతులు సొంతంగా అల్లకూడదు. లాయర్‌తో రాయించాం.

అంతకంటే పెద్ద చిక్కు మా నియమాల కాగితం. మూడు రెట్లని రాసి ఇచ్చి, ఒక కుటుంబానికి మాత్రం పక్కదారి చూపిస్తే, రేపు ఇంకొకరు "నాకెందుకు చూపించలేదు?" అంటే నా దగ్గర జవాబు ఉండదు. మంచి మనసుతో ఇచ్చిన మినహాయింపు కూడా కోర్టులో వివక్షలాగే కనిపించొచ్చు. లాయర్ సలహాతో కాగితాన్నే మార్చాం. మూడు రెట్లు ఉంటే సరే. లేకపోతే రెండో దారి: 1,500 మిగులు, 12 నెలల అద్దె చెల్లింపు రుజువు, సీజన్ ఆదాయమైతే తక్కువ నెలకి ముందే జమ. ఈలోగా ఇంకో అప్లికేషన్ కూడా వచ్చింది. తేదీ వేసి, చేతిలో ఉన్న మూడు అప్లికేషన్ల వాళ్ళకీ పంపి, అదనపు కాగితాలకి 48 గంటలు ఇచ్చాం. వరుస మాత్రం ముందుదే. మూడో ఆయన మానుకున్నాడు. సాఫ్ట్‌వేర్ అబ్బాయికి ఇంకో ఇల్లు చూపించాను, తీసుకున్నాడు.

ఓనర్‌ని ఒప్పించడం అనుకున్నంత కష్టం కాలేదు. నెలనెలా డెబిట్ తారీఖుల కాగితం పంపాను. "నా ఇంటి లోన్ కూడా నేను ఇంత టైముకి కట్టను అక్కా" అన్నాడు.

తర్వాత

ఆగస్టులో దిగారు. ఫిబ్రవరి అద్దె అనుకున్నట్టే ముందే జమ అయి ఉంది. జనవరిది మూడున వచ్చింది. నేను అస్సలు ఊహించని ఏప్రిల్‌లో ఆలస్యమైంది. ఒక కాంట్రాక్టర్ ఆయనకివ్వాల్సిన డబ్బు ఆపేశాడట. మార్చి ముప్పయ్యో తారీఖునే మెసేజ్ పెట్టాడు, అద్దె ఏప్రిల్ ఎనిమిదిన వచ్చింది. లేట్ ఫీజు వేశాను. నాకు ఆయన మీద గౌరవం ఉన్నా వేశాను, ఎందుకంటే పక్కింటి టెనెంట్‌కీ వేస్తాను. ఓనర్ నుంచి "చూశారా అక్కా" అని ఒక మెసేజ్, దాని కింద ఒక నవ్వు బొమ్మ. 2025లో లీజు 2,450కి పొడిగించుకున్నారు.

నేను మళ్ళీ చేస్తే మార్చుకునేవి రెండు. సొంత వ్యాపారం చేసేవాళ్ళ దగ్గర గ్యారంటర్ మాట ఎత్తకముందే పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు తీసుకుంటాను. నోటీసు టెంప్లేట్ ఇప్పుడు డిపాజిట్ ఈమెయిల్‌కే జత చేసి ఉంచాను.

కాగితం మార్చిన వారం పాత ఫైళ్ళు కూడా తీశాను. 2024 ఏప్రిల్‌లో, అంటే ఈ కేసుకి రెండు నెలల ముందు, వేరే ఇంటికి ఒక టీచర్ అప్లై చేసింది. 2.8 రెట్లు. అప్పులు లేవు. మూడు లేవని రెండు నిమిషాల్లో తిరస్కరించాను. కొత్త లెక్కలో వేస్తే హాయిగా దాటింది. ఫోన్ చేశాను. అప్పటికే ఒక అపార్ట్‌మెంట్‌లో 14 నెలల లీజు సంతకం చేసేసిందట. మా నియమాలు ముందే రాసిచ్చాం కాబట్టి ఫీజు వెనక్కివ్వాల్సిన పని లేదు, అయినా 50 డాలర్లు పంపుతానన్నాను. "ఇప్పుడెందుకు?" అంది. జరిగింది చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడ్రస్ చెప్పింది.